కోర్టు ఉంటే న్యాయం ఉన్నట్టేనా? కలకత్తా నుంచి బడ్జ్ బడ్జ్ దాకా

1773 రెగ్యులేటింగ్ చట్టం, 1793 కార్న్‌వాలిస్ కోడ్ మనమందరం బట్టీ పట్టేవే. ఇంజినీరింగ్ చదివి వచ్చిన నాకు అవి చాలాకాలం సంవత్సరాల జాబితాగానే ఉండేవి. నాన్న జూట్ మిల్లు ఉద్యోగం వల్ల నేను పెరిగింది కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లో. ఈ ఊరి చరిత్రతో కలిపి చదివాక వాటన్నిటి వెనుక ఒకే ప్రశ్న కనిపించింది: పట్టుకునేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకడేనా, వేరువేరా?

1774లో కలకత్తాలో సుప్రీంకోర్టు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎలిజా ఇంపే. మరుసటి ఏడాదే మహారాజా నందకుమార్ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌పై లంచం ఆరోపణ చేశాడు. కొద్ది వారాల్లోనే అతని మీద ఫోర్జరీ కేసు పడింది. నేరం జరిగిందన్నది ఆ కోర్టు పుట్టకముందు. శిక్ష మాత్రం ఇంగ్లండ్ చట్టం ప్రకారం. 1775 ఆగస్టు 5న ఉరి తీశారు. జడ్జీలున్నారు, జ్యూరీ ఉంది, విచారణా జరిగింది. అయినా ఆ తీర్పుపై అనుమానం నేటికీ పోలేదు.

1793లో కార్న్‌వాలిస్ కలెక్టర్ నుంచి న్యాయాధికారం తీసేశాడు. ఠాణాలను దరోగాలకు అప్పగించాడు. మంచిదే. కానీ ఆ దరోగాలపై అజమాయిషీ జిల్లా జడ్జికే ఇచ్చాడు. మేజిస్ట్రేట్ కూడా ఆయనే. 1831 తర్వాత ఆ మేజిస్ట్రేట్ అధికారం తిరిగి కలెక్టర్‌ చేతికే వెళ్లింది.

1914 సెప్టెంబర్ 29న కొమగాట మారు ఓడ మా ఊరి రేవుకు వచ్చింది. కెనడా వెనక్కి పంపిన ప్రయాణికులు వాళ్లు. అదే నెలలో తెచ్చిన ఆర్డినెన్స్ చేతిలో పెట్టుకుని, ఏ కోర్టు ముందూ నిలబెట్టకుండానే అందరినీ రైల్లో పంజాబ్ పంపాలనుకున్నారు. చాలామంది ఎక్కమన్నారు. కాల్పుల్లో సుమారు 20 మంది ప్రయాణికులు చనిపోయారు. 1775లో కోర్టు పేరైనా ఉంది; ఇక్కడ అదీ లేదు.

రాజ్యాంగంలో 22వ అధికరణ 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచమంటుంది. 50వ అధికరణ కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరు చేయమంటుంది. అయితే నివారక నిర్బంధానికి ఆ 24 గంటల నియమం వర్తించదు. పాత 144, నేటి బీఎన్ఎస్ఎస్ 163 కింద నిషేధాజ్ఞలు జారీ చేసేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటే.

సెలెక్ట్ అయితే రేపు ఆ సంతకం మనదే. అందుకే ఈ టాపిక్‌ను పది మార్కుల కోసమే చదవకండి. ఆన్సర్‌లో తేదీ రాసేటప్పుడు పక్కనే ఒక మాట చేర్చండి: ఆ రోజు ఆ అధికారిని ప్రశ్నించగలిగినవాడు ఎవరు?