నాకు ఇష్టమైన సినిమా బండి



ఈ నెల మన గోడపత్రికకి "సినిమాల్లో నాకు నచ్చిన పాత బండి" అని అంశం ఇచ్చారు. ఎక్కువమంది సూమో అనే రాస్తారని నాకు తెలుసు. ఆదివారం టీవీలో ఫ్యాక్షన్ సినిమా వచ్చిందంటే సూమోలు వరసగా దుమ్ము లేపుకుంటూ రావలసిందే, మన హాలంతా ఈలలు వెయ్యవలసిందే. సూమో అంటే జపాన్ కుస్తీ అనుకుంటాం గానీ కాదు. టాటా కంపెనీ పెద్దల్లో ఒకరైన సుమంత్ మూల్గావ్‌కర్ గారి పేరులోంచి సు, మో తీసి ఆ బండికి పెట్టారు. అది 1994లో వచ్చింది. 2019లో తయారీ ఆపేశారు. సినిమాల్లో మాత్రం ఇంకా గాల్లోకి లేస్తూనే ఉంది.

కొందరు అంబాసిడర్ అని రాస్తారు. అది కూడా మంచిదే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 వరకు దాన్ని తయారు చేశారు. పాత సినిమాల్లో కలెక్టరు గారు, మిల్లు ఓనరు, పెళ్ళికూతురు నాన్నగారు అందరూ అందులోంచే దిగుతారు. డ్రైవరు పరుగెత్తుకొచ్చి డోరు తీస్తాడు. దిగినాయన ముఖం మనకి గుర్తుంటుంది. డోరు తీసినవాడి ముఖం గుర్తుండదు.

నాకు నచ్చిన బండి ఈ రెండూ కాదు. అది "అజాంత్రిక్" అనే బెంగాలీ సినిమాలోని డొక్కు కారు. సోషల్ మేడమ్ గారు రెండో శనివారం నాడు ప్రొజెక్టర్ మీద వేశారు, గుర్తుందా? నలుపు తెలుపు సినిమా, పాటలు లేవు, భాష రాదు అని సగం మంది నిద్రపోయారు. నేను మాత్రం కదలకుండా చూశాను.

ఆ సినిమాని రిత్విక్ ఘటక్ అనే ఆయన తీశారు. సుబోధ్ ఘోష్ గారి కథ. 1958లో వచ్చింది. అంటే బెంగాల్‌లో కొత్త అంబాసిడర్లు తయారవుతున్న రోజుల్లోనే అదే బెంగాల్ ఆయన పాత కారు మీద సినిమా తీశారన్నమాట. అజాంత్రిక్ అంటే యంత్రం కానిది అని అర్థం. బిమల్ అనే టాక్సీ డ్రైవరుకి ఎవరూ లేరు, 1920 నాటి షెవ్రొలే కారొక్కటే ఉంది. దాని పేరు జగద్దల్. అంటే కదపలేని బరువైన రాయి అని మేడమ్ చెప్పారు. అందరూ ఆ కారుని చూసి నవ్వుతారు. బిమల్ దానితో మాట్లాడతాడు, అలుగుతాడు, తుడుస్తాడు. రేడియేటర్లో నీళ్ళు పోస్తే అది గుటగుటమని దాహమైన మనిషిలాగ తాగుతుంది. దీపాలు కళ్ళలాగ అటూ ఇటూ తిరుగుతాయి. ఆఖరికి అది పాడైపోతే పాత ఇనుముకి అమ్మేస్తాడు. చివరన ఒక చిన్న పిల్లాడు దాని హారన్ దొరికితే మోగించి ఆడుకుంటాడు. బిమల్ ఏడుస్తూనే నవ్వుతాడు.

అది చూస్తే నాకు మా సంతరోడ్డు కమాండర్ జీపు గుర్తొచ్చింది. ఏజెన్సీ పిల్లలకి సర్వీసు జీపు అంటే వేరే చెప్పక్కర్లేదు. లోపల పదిహేను మంది, వెనక వేలాడేవాళ్ళు, టాప్ మీద పసుపు బస్తాలు, కోళ్ళు. మా అన్న ఎనిమిదో తరగతి ఒగ్గీసి దానికే క్లీనరుగా చేరాడు. ఘాటీ మీద జీపు ఆగిపోతే చాలు, దూకి వెనక చక్రం కింద రాయి పెట్టేవాడు. రాయి ఒక్క క్షణం ఆలస్యమైతే అందరం లోయలోనే. "బండి గొంతు ఇనాలే చెల్లీ, రోగం అదే చెప్తాది" అనేవాడు.

మా తమ్ముడు పుట్టిన రాత్రి అమ్మని మా ఊరినుంచి రోడ్డు దాకా డోలీలో మోసుకొచ్చారు. అక్కడ జీపు ఉంది గానీ దీపాలు వెలగలేదు. అన్న ముందర బానెట్ మీద కూర్చొని టార్చిలైటు పట్టుకున్నాడు. ఘాటీ దిగినంతసేపూ చెయ్యి దించలేదు. తమ్ముడు ఆసుపత్రిలో పుట్టాడు. ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. జీపు మాత్రం చింతచెట్టు కింద తుప్పు పట్టింది. లోపల కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

ఇంకో సంగతి. అజాంత్రిక్‌లో ఆదివాసీలు ఉన్నారు. ఒరాన్ వాళ్ళు. రాంచీ చుట్టుపక్కల తీశారు, అప్పుడది బీహార్, 2000 నుండి జార్ఖండ్. వాళ్ళ కురుఖ్ భాష కూడా మన కువి, గోండి, తెలుగు లాగే ద్రావిడ భాష అట. టీవీలో వచ్చే చాలా సినిమాల్లో హీరో జీపు అడవిలోకి రాగానే ఆకులు కట్టుకుని, ఈకలు పెట్టుకుని గంతులేసేవాళ్ళని చూపించి, వీళ్ళే ఆదివాసీలు అంటారు. మా ఊర్లో అలా ఎవరూ గంతులెయ్యరు. ఈ సినిమాలో వాళ్ళు వాళ్ళ బట్టల్లో, వాళ్ళ ఆటే ఆడారు. ఆ డొక్కు కారుని మనిషిలాగ చూసినాయన మనల్ని కూడా మనుషుల్లాగే చూశారు.

అందుకే ఆ బండి నాకు ఇష్టం. 1990లో "లారీ డ్రైవర్" అనే సినిమా వచ్చింది, బాలకృష్ణ గారు హీరో. డ్రైవరు హీరో అవ్వొచ్చు. క్లీనరుని మాత్రం సినిమాల్లో నవ్వించడానికే పెడతారు. మా అన్న ఇప్పుడు రాయపూర్ వెళ్ళే లారీకి క్లీనరు. మన క్లాసులో కొందరు నన్ను "క్లీనరు చెల్లి" అని పిలుస్తారు. పిలవండి. నేను పలుకుతాను. కానీ చక్రం కింద రాయి పెట్టేవాడు లేకపోతే ఏ హీరో బండీ ఘాటీ ఎక్కదు.

మా అయ్యకి, అమ్మకి సంతకం రాదు. అన్న లెక్కల్లో ఫస్టు వచ్చేవాడు. వాడికి పంతొమ్మిదేళ్ళు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాలని ఫోనులో రెండుసార్లు అడిగాడు. ఎక్కడ కట్టాలో, ఏ కాగితాలు కావాలో ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. వార్డెన్ మేడమ్ గారు, ఇది చదివితే నన్ను ఆఫీసు రూముకి పిలిచి ఆ వివరాలు చెప్పగలరని కోరుచున్నాను. లారీ వచ్చే నెల ఇటు వస్తుందట. అన్న ఫోటోలు తీయించి రెడీగా ఉంచుతానన్నాడు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని