మొగులు చూసి మాట చెప్పేవాళ్ళు

కర్మన్‌ఘాట్ హనుమంతుని గుడి దాటి బైరామల్‌గూడ దిక్కు నడిస్తే ఇప్పుడు రెండు పక్కలా అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్ళు, టైల్స్ దుకాణాలు. మా చిన్నప్పుడు అటంతా ద్రాక్షతోటలు. వరసగా పాతిన రాతి కడీలు, వాటి మీద అల్లిన ఇనుపతీగలు, చెయ్యెత్తితే అందే పందిళ్ళు, వాటి కింద మిట్టమధ్యాహ్నం కూడా పచ్చని నీడ, పశువుల ఎరువు వాసన, మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన మందుకు నీలంగా మచ్చలు పడ్డ ఆకులు, ఎక్కడో బాయి మీద మోటారు చప్పుడు. కాసేది అనాబ్-ఎ-షాహి, హైదరాబాదు పేరును ద్రాక్షపండు మీద రాసిన రకం. పండు జాంబాగ్ మార్కెట్‌కు పోయేది. 1986లో ఆ మార్కెట్ గడ్డిఅన్నారానికి మారింది, బండి కిరాయి కొంత తగ్గింది.

తోట యజమానుల ఇళ్ళల్లో రేడియో ఉండేది, బేగంపేట వాతావరణ కేంద్రం వాళ్ళ మాట అందులో వచ్చేది. అయినా వాన సంగతి కావాలంటే అందరూ అడిగేది తోటలో కలుపు తీసే ఆడవాళ్ళనూ, చెరువుగట్టు మీద గొర్లు మేపే తాతనూ, మా అవ్వనూ. నాదర్‌గుల్ నుంచి, మీర్‌పేట నుంచి పొద్దున్నే సద్దిమూటలతో నడిచొచ్చే ఆ ఆడవాళ్ళు దారిలోనే ఆకాశం చదివేసి వచ్చేవాళ్ళు. బాలాపూర్ దిక్కు మొగులైతే ఒక మాట, తూరుపున మెరిస్తే ఒక మాట, చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడ ఎక్కితే ఇంకో మాట, తూనీగలు మోకాలెత్తున తిరిగితే మాట కూడా లేదు, ఎండబోసిన మిరపకాయలు ఎత్తడమే. చందమామ చుట్టూ గుడి కడితే మేం పిల్లలం వాకిట్లోకి ఉరికి చూసేవాళ్ళం. గుడి పెద్దదా చిన్నదా అని అవ్వ నులకమంచం మీదనుంచే అడిగేది. "దూరం గుడైతే దగ్గర్ల ఆన, దగ్గరి గుడైతే దూరంల ఆన, సరింగ చూసి చెప్పు బిడ్డా" అనేది. ఎంత చూసినా నాకు అది దూరమో దగ్గరో తేలేది కాదు.

అవ్వకు నెలలు తెలియవు, కార్తెలు తెలుసు. 27 నక్షత్రాలు, ఒక్కోదాంట్లో సూర్యుడు 13, 14 రోజులు ఉంటాడు. సూర్యుడి లెక్క కాబట్టి కార్తె ఏటా ఇంచుమించు అదే తేదీకి వస్తుంది, పండుగల్లా వెనకా ముందూ జరగదు. విత్తనం వేసేవాళ్ళకు కావలసిందీ అదే. మే చివర రోహిణి. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మా వాకిట్లో రోట్లో అవ్వ రోజూ చెంబెడు నీళ్ళు పోసి ఉంచేది, రోలు పగులుతుందని కాదు, పిచ్చుకలు తాగుతాయని. జూన్ 7, 8 తేదీలకు మిర్గం, అంటే మృగశిర. చేపలు తినేవాళ్ళు సరూర్‌నగర్ చెరువు దిక్కు పోయేవాళ్ళు, దమ్ము రోగం ఉన్నవాళ్ళు చేపమందుకని నోట్లో కొర్రమీను పిల్ల వేయించుకోవడానికి దూద్‌బౌలికి పోయేవాళ్ళు, అవ్వ మాత్రం పాతబెల్లంలో ఇంగువ దంచి ఉండలు చేసి మా అందరి నోళ్ళలో కుక్కేది. ఆ ఘాటు సాయంత్రం దాకా నాలుక మీదే ఉండేది. మిర్గం చినుకు పడితే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని గొర్లకాడి తాత అంటే, మేం ఊళ్ళో ఉన్న ముసలి ఎద్దుల దగ్గరికి పోయి నిలబడి చూసేవాళ్ళం. ఆ తర్వాత ఆరుద్ర. తడిసిన ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు, మఖమల్ గుడ్డ కత్తిరించి కాళ్ళు కుట్టినట్టుండేవి. అగ్గిపెట్టెలో గరిక వేసి వాటిని దాచేవాళ్ళం, వేలితో తాకితే కాళ్ళన్నీ ముడుచుకుని చచ్చినట్టు పడుకునేవి.

ఈ సామెతలన్నీ వాన కోసం మొహం వాచినవాళ్ళవి. భరణి కురిస్తే ధరణి పండుతుంది, స్వాతి కురిస్తే చట్రాయి కూడా పండుతుంది, ఉత్తర చూసి ఎత్తర గంప. సెప్టెంబరు నడుమ ఉత్తర కూడా ఎండిపోతే ఇక ఊరు విడిచి బతకపోవడమే. ఎక్కువ కురిస్తే ఏమిటన్న మాట వాటిల్లో నాకు పెద్దగా కనబడదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది కూడా ఉత్తర పోయి హస్త చొచ్చిన రోజుల్లోనే. మా అవ్వ అత్త ఆ వరద సంగతి చెప్పేదట గానీ, దాని మీద సామెత మాత్రం ఏదీ చెప్పలేదట.

ద్రాక్ష దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడేది. ద్రాక్షకు అక్టోబరులో కత్తిరింపు, ఫిబ్రవరి నుంచి కోత. కత్తిరించాక లేత చిగురు మీద వాన పడితే బూజు తెగులు, గెలలు మాగే వేళ రాళ్ళవాన పడితే తోట మొత్తం నేల మీదే. పందిరి కింద పని చేసే ఆడవాళ్ళకేమో ఇంటి దగ్గర ఎకరమో అరెకరమో చెలక, అందులో జొన్న, ఆముదం, కంది. చిత్త కార్తెలో ఒక సాయంత్రం మొగులు కమ్మి గాలి చల్లబడ్డప్పుడు, తోట యజమాని గట్టు మీద నిలబడి "ఇగ మునిగినం" అని తల పట్టుకోవడం, నాలుగడుగుల అవతల ముగ్గురు ఆడవాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టి, మొహంలో సంతోషం కనబడకుండా కొంగు నోటికడ్డం పెట్టుకోవడం నేను చూశాను. వాన వచ్చింది. పందిరి మీద పడ్డ నీళ్ళు ఆకుల నీలిమందును కడిగి బొట్లు బొట్లుగా వాళ్ళ తలల మీద పడ్డాయి. యజమాని కళ్ళంలోకి పోయాక ఒకామె "మా కంది బతికింది" అంది, గట్టిగా కాదు. మర్నాడు వాళ్ళే ఆ తోటకు మందు కొట్టారు.

వాళ్ళ మాట ఎప్పుడూ నిజమయ్యేదని చెప్పను. తప్పిన రోజులే ఎక్కువేమో. తప్పినప్పుడు "ఆన రాకడ, పానం పోకడ ఎవనికెరుక" అని నవ్వేసేవాళ్ళు, రేపటి సంగతి మళ్ళీ చెప్పేవాళ్ళు.

తోటలు ఒక్కటొక్కటే పోయాయి. ముందు బాయిల్లో నీళ్ళు దిగాయి, తర్వాత తీగలు ఊడదీసి తూకానికి అమ్మారు, కడీలు చాలాకాలం అలాగే నిలబడి ఉండేవి, పిల్లలు వాటినే వికెట్లు చేసుకునేవాళ్ళు. ఆ తర్వాత తెల్ల సున్నంతో ప్లాట్ల గీతలు. చెలకలు అమ్ముకున్న నాదర్‌గుల్ ఆడవాళ్ళలో కొందరు గుడి ముందర మంగళవారం, శనివారం తమలపాకుల దండలు అమ్మేవాళ్ళు. వాన పడితే భక్తులు తగ్గుతారని అప్పుడు మొగులు చూసి వాళ్ళు ఇబ్బంది పడేవాళ్ళు.

2020 అక్టోబరు 13 రాత్రి ఫోన్లన్నీ హెచ్చరికలతో మోగుతూనే ఉన్నాయి. ఘట్కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు దాటిందని టీవీలో చెప్పారు, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగాయి. కరెంటు పోయింది, మా అపార్ట్‌మెంటు మెట్ల మీద అందరం కూర్చున్నాం. రెండో అంతస్తు పెద్దావిడ, ఒకప్పుడు ఈ తోటల్లోనే కత్తిరింపుకు వచ్చినామె, "గిది ఏం కార్తె కొడుకా" అని నన్నడిగింది. ఫోన్‌లో చూసి చిత్త అన్నాను.

"చిత్త కురిస్తే చింతలు కాస్తయ్" అంది వెంటనే. కాసేపాగి, "సెల్లార్ల ఎంతదాక ఒచ్చినయ్ నీళ్ళు? మా మనుమని బండి కిందనే ఉన్నది, జర పోయి ఎవలన్న మెట్ల మీదికి ఎక్కియ్యుండ్రి" అంది. నేనూ వాచ్‌మన్ కొడుకూ టార్చి పట్టుకుని దిగాం.