గ్రామఫోను గుండె

గ్రామఫోను అనగానే అందరి చూపూ బాకా మీదికే పోతుంది. పాట బాకా నుండి వెలువడుతున్నా, దానికి నిలకడనిచ్చేది పెట్టె అడుగున చీకటిలో దాగియున్న ఉక్కు స్ప్రింగు. 1877లో ఎడిసన్ నిర్మించిన ఫోనోగ్రాఫును చేతితో త్రిప్పవలసి వచ్చేది. బెర్లినర్ తొలినాటి గ్రామఫోనుకూ అదే గతి. చేయి తడబడితే స్వరమూ తడబడేది. 1896లో అమెరికాలోని కామ్డెన్ పట్టణంలో ఎల్డ్రిడ్జ్ జాన్సన్ దానికి తగిన స్ప్రింగు మోటారును రూపొందించడంతో ఆ చిక్కు తీరింది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ప్లేట్లపైకి ఎక్కించారు. విద్యుత్తు లేని ఊళ్ళలో సైతం అట్టి పాటలు వినిపించినవంటే, ఆ పుణ్యం స్ప్రింగుదే.

మా యింట తాతగారి నాటి గ్రామఫోను ఒకటి కలదు. దాని పోషణ మా అన్నదమ్ములది. కొన్నేండ్ల క్రితం అందులో ఏదో ధబ్ ధబ్‌మని కొట్టుకోసాగింది. పాట నడుమ వేగం తగ్గి, ఆడగొంతు మగగొంతుగా మారిపోయేది. చూపు మందగించిన మా దాదీమాకు జుమా నమాజు తరువాత ఆ ప్లేట్లు వినడమే ఆనందం. పాట చివర గౌహర్ జాన్ తన పేరు తానే చెప్పుకునే ఘట్టం కోసం ఆమె చెవియొగ్గి కూర్చునేవారు. ఒకనాడు, "ఎవరు బేటా ఈమె? మన గౌహర్ జాన్ కాదు గదా!" అన్నారు.

స్ప్రింగును తీసివేసి విద్యుత్ మోటారు బిగించుకొమ్మని ఒకరు సలహా యిచ్చారు. మాకు మనసొప్పలేదు. గడియారాలు బాగుచేసే వృద్ధుని ఆశ్రయించాము. రోగం స్ప్రింగుది కాదనీ, ఎండి గట్టిపడిన గ్రీజుదనీ ఆయన తేల్చారు. చుట్టలు ఒకదానికొకటి అంటుకొని, ఒక్కసారిగా విడివడినప్పుడల్లా ఆ చప్పుడు వస్తుంది.

ముందుగా కీ పూర్తిగా దిగిపోనిచ్చాము. బిగువు మిగిలియుండగా గవర్నరును ఊడదీస్తే చక్రాల పండ్లు విరుగుతాయి, వ్రేళ్ళకూ గాయమవుతుంది. డ్రమ్ములోని స్ప్రింగును మాత్రం ఆ వృద్ధుడే తీశారు. కీ దిగినా అది పాము వలె ఎగిరి దూకగలదు. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, గ్రాఫైటు కలిసిన గ్రీజు పూసి మరల అమర్చారు. ఇరుసులకు కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్క వేశాము.

గవర్నరుకూ ఒక చుక్క చాలు. అందులో మూడు చిన్న బరువులు గిరగిర తిరుగుతాయి. వేగం హెచ్చితే అవి వెలుపలికి విచ్చుకొని, ఒక బిళ్ళను మెత్తకు ఒరయజేసి వేగాన్ని అణచుతాయి. ప్లేటు క్రింద కాగితపు ముక్క ఉంచి, సూది పెట్టి, గడియారం చూస్తూ చుట్లు లెక్కించాము. నిమిషానికి 78 వచ్చేవరకు సరిచేశాము. ఆ శుక్రవారం పాట ముగిసి పేరు వినబడగానే దాదీమా "వచ్చింది" అన్నారు. అంతకుమించిన కూలి మేము కోరలేదు.

అప్పటినుండి మేము కొన్ని నియమాలు పాటిస్తున్నాము. చేతికి బిగువు తగలగానే కీ ఆపుతాము, బలవంతం చేయము. పాటలు ముగిశాక మోటారును దానంతటది ఆగేవరకు తిరగనిస్తాము. బిగించి ఉంచితే ఉక్కు అలసిపోతుంది. నెలల తరబడి మూలన పడవేసినా ముప్పే, గ్రీజు మరల గట్టిపడుతుంది. ఎడతెగని బిగువూ, ఎడతెగని విశ్రాంతీ రెండూ దానికి చేటు. మీ యింటి అటకపై ఇట్టి పెట్టె ఏదైనా ఉన్నచో, బాకాను తుడుచుటకు ముందు దాని అడుగున ఒకసారి చూడగోరుతాము.