సరకు చేతిలో ఉందా, మాటలో ఉందా?

అంగడిలో కొనేటప్పుడు సరకు కంటి ముందు ఉంటుంది. ఫోనులో కొనేటప్పుడు అమ్మేవాని మాట ఒక్కటే ఉంటుంది. ఆ మాటను తూచి చూడడం నేడు ప్రతి ఇంటికీ అవసరమైంది.

మేము నంద్యాల జిల్లా ప్యాపిలి వాసులం. 44వ జాతీయ రహదారిపై రేయింబవళ్లు సరకుల లారీలు మా ఊరి మీదుగా పోతూనే ఉంటాయి. అయినా చిన్న వస్తువు కావాలన్నా డోన్‌కో, గుత్తికో, కర్నూలుకో ప్రయాణం తప్పదు. కనుక ‘మీ సమీపంలోనే నిల్వ ఉంది’ అన్న ప్రకటన మావంటి వారిని ఇట్టే ఆకర్షిస్తుంది.

గడచిన రంజాన్ చివరి పది దినాలలో, బట్టలు కుట్టి సంసారానికి చేదోడుగా ఉన్న మా వదినగారి మిషను మోటారు కాలిపోయింది. ఒక విక్రేత ‘స్థానిక నిల్వ, రెండు రోజులలో అందజేత’ అని ప్రకటించాడు. డబ్బు చెల్లించాక చూస్తే పార్శిలు బయలుదేరింది మరో రాష్ట్రం నుంచి! మోటారు పండుగ దాటిన నాలుగవ నాడు చేరింది. అప్పటికే ఇరుగుపొరుగు తమ గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. ఏడాదిలో ఆమెకు నాలుగు రూపాయలు మిగిలేది ఆ పది దినాలలోనే.

‘స్థానికం’ అన్న మాటను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడతారు. ఒకరికి అది దగ్గరి గోదాము, ఇంకొకరికి కార్యాలయ చిరునామా, మరొకరికి దేశంలో ఎక్కడైనా సరే. కొందరి వద్ద సరకే ఉండదు. మన డబ్బు అందాక టోకు వర్తకునికి చెప్పి పంపిస్తారు.

తన వద్ద లేని దానిని అమ్మవద్దని దైవప్రవక్త (స) హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు బోధించారు. అయితే ముందుగా వెల చెల్లించి సరకును తరువాత పొందే ‘సలమ్’ బేరాన్ని ఆయన అనుమతించారు. కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలన్నదే నిబంధన. ఆలస్యం దోషం కాదు, దానిని దాచడమే దోషం.

కొనే ముందు మన పిన్‌కోడు నమోదు చేసి, అందజేత తేదీని చూడాలి. విక్రేత పేరు, చిరునామా పరిశీలించాలి. జిఎస్‌టి సంఖ్యలో మొదటి రెండంకెలు 37 అయితే నమోదు ఆంధ్రప్రదేశ్‌ది, 36 అయితే తెలంగాణది. అది నమోదును తెలిపేదే గాని నిల్వకు సాక్ష్యం కాదు. కనుక ‘సరకు ఇప్పుడు ఏ ఊరిలో ఉంది? ఏనాడు పంపుతారు?’ అని వ్రాతపూర్వకంగా అడగాలి. ఆ జవాబును, ప్రకటనను ఫోటో తీసి ఉంచుకోవాలి.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, అనివార్య విపత్తు వల్ల తప్ప, చెప్పిన గడువు దాటి వచ్చిన సరకును విక్రేత తిరిగి తీసుకోననడానికి, డబ్బు ఇవ్వననడానికి వీలులేదు. సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. లేకుంటే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. పార్శిలు తెచ్చిన కుర్రవానిపై కోపగించడం మాత్రం న్యాయం కాదు.

మన ఇళ్లలోనూ ఫోను ద్వారా బురఖాలు, అత్తర్లు అమ్మే సోదరీమణులు ఉన్నారు. సరకు లేనప్పుడు ‘తెప్పించి ఇస్తాము, ఇన్ని దినాలు పడుతుంది’ అని ముందే చెబుదాం. ఒక బేరం తప్పిపోవచ్చు, ఎవరి పండుగా చెడిపోదు.