మేకుకు గుచ్చిన చీటీ

బార్ అండ్ రెస్టారెంట్ అనగానే ముఖం చిట్లించేవాళ్లు చాలామంది. కానీ అక్కడా ఓ వంటిల్లు ఉంటుంది. దాని గుమ్మానికి ఇటు సప్లయర్లు, అటు మాస్టర్లు. ఆ గుమ్మం దగ్గర మాట సరిగ్గా సాగితేనే బల్ల మీదికి ప్లేటు వేళకు వస్తుంది.

రాష్ట్రంలో మద్యనిషేధం 1997లో ఎత్తివేశాక, వినుకొండలో అలాంటి ఓ చోట క్యాషియర్‌గా చేరాను. గుంటూరు నుంచి కర్నూలు వెళ్లే దారి మీది ఊరు కదా, రాత్రి ఎనిమిదైతే చాలు, ఒకటే రద్దీ. ముందు బార్, వెనక కుటుంబాలు కూర్చునే గది, రెండింటికీ ఒకటే వంటిల్లు. నా బల్ల సరిగ్గా మధ్యలో. ఇటు గ్లాసుల చప్పుడు, అటు గరిటెల చప్పుడు, నడుమ కేకలు.

ఆ కేకలెందుకో తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కౌంటర్లో పెగ్గు పోయడానికి నిమిషం చాలు. చికెన్ వేపుడు పొయ్యి దిగాలంటే పావుగంట పైమాటే. రెండూ ఒకేసారి చెప్పినా ఒకేసారి రావు. పొయ్యి దగ్గర ఎంత పని పేరుకుందో కౌంటర్లో వాళ్లకు కనిపించదు. బల్ల దగ్గర ఎన్నో గ్లాసు నడుస్తోందో మాస్టరుకు తెలియదు. మధ్యలో నలిగేది సప్లయర్ కుర్రాడు.

ఇంకో చిక్కు ‘ఆర్డర్’ అన్న మాటలోనే ఉంది. ఇరవై ఏళ్లవాడు గుమ్మంలో నిలబడి ‘‘రెండు ఆమ్లెట్, ఒక పల్లీ మసాలా, తొందరగా!’’ అని అరిస్తే, యాభై ఏళ్ల మాస్టరుకు కొడుకు వయసువాడు పని పురమాయించినట్టే ఉంటుంది. ఓ రాత్రి అలాగే మాటా మాటా పెరిగింది. ‘‘నీ బల్ల సంగతి ఆఖర్న చూస్తా, ఫో’’ అన్నాడు మాస్టరు. ఆ బల్ల దగ్గరున్న పెద్దమనిషి ఖాళీ కడుపుతో వచ్చాడు. ప్లేటు రాలేదు కానీ గ్లాసు మూడుసార్లు నిండింది. కడుపులో తిండి ఉంటే మద్యం నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది, లేకపోతే త్వరగా తలకెక్కుతుంది. ఆయన తూలుతూ వెళ్లి మోటార్‌సైకిల్ ఎక్కబోయాడు. వాచ్‌మన్ తాళం లాక్కుని ఆటో ఎక్కించాడు కాబట్టి సరిపోయింది. వాళ్లిద్దరి కోపతాపాలకు ఆ ఇంట్లో వాళ్లు మూల్యం చెల్లించాల్సి వచ్చేది.

మర్నాడే మేనేజరు కేకలు మాన్పించాడు. బల్ల నంబరు, టైము, ‘కారం తక్కువ’ లాంటి వివరాలతో చీటీ రాసి గుమ్మం పక్కనున్న మేకుకు గుచ్చాలి. మాస్టరు వరసలో తీసుకుంటాడు. లోపలి నుంచి బయటికి కబురు చెప్పడానికి ఓ పలక పెట్టాడు. ఏది అయిపోయిందో, ఏది ఆలస్యమవుతుందో దాని మీద రాయాలి. మూడోది, సాయంత్రం తలుపులు తీసేముందు రెండు వైపుల వాళ్లూ ఒకేచోట కూర్చుని అన్నం తినాలి. తగాదాలు పూర్తిగా పోలేదు కానీ, బాగా తగ్గాయి. చీటీకి వయసు లేదు, గొంతు లేదు. దాన్ని చూసి ఎవరికీ పౌరుషం రాదు.

ఇది మా ఊరి గొడవే అనుకునేవాణ్ని. విలియం ఫుట్ వైట్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త షికాగో రెస్టారెంట్లను పరిశీలించి 1948లో పుస్తకమే వేశాడని తర్వాత తెలిసింది. అక్కడ వడ్డించే ఆడవాళ్లు ఆర్డర్ చెబితే వండే మగవాళ్లకు కిట్టేది కాదట. చీటీలు చువ్వకు గుచ్చేచోట ఆ రుసరుసలు తగ్గాయని ఆయన గమనించాడు.

ఇప్పుడు చాలాచోట్ల మీట నొక్కితే చీటీ నేరుగా వంటింట్లోనే అచ్చవుతోంది. అయినా ‘అయిపోయింది’, ‘ఆలస్యమవుతుంది’ అనే కబురు లోపలి నుంచి మనిషే పంపాలి. ఈసారి మీరు హోటలుకు వెళ్లినప్పుడు ఎంతసేపు పడుతుందని అడిగి చూడండి. ‘‘ఇప్పుడే సార్’’ అంటే ఆ కుర్రాడికీ తెలియదన్నమాట. ‘‘ఇరవై నిమిషాలు సార్’’ అంటే లోపల కనుక్కునే వచ్చాడన్నమాట. అక్కడ నిశ్చింతగా కూర్చోవచ్చు.