పిల్లలతో ఫిల్మ్ సిటీకి వెళుతున్నారా?

ఒక వేసవి రాత్రి నేను డ్యూటీలో ఉండగా, భార్యాభర్తలిద్దరు మూడేళ్ల పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చారు. పొద్దుటి నుంచీ ఒక వినోదాల పార్కులో తిరిగారట. మధ్యాహ్నం మూడింటికి పిల్లవాడు ఒకసారి వాంతి చేసుకున్నాడు. ఆపైన మగతగా పడుకున్నాడు. "అలిసిపోయి నిద్రపోతున్నాడనుకున్నామండీ" అంది తల్లి. మూత్రం పోసి ఎంతసేపయిందమ్మా అని అడిగితే ఆలోచించి, "పొద్దున పార్కులోకి వెళ్లే ముందు" అంది. నోరు పిడచకట్టుకుపోయింది. కళ్లు లోతుకు పోయాయి. ఆ రోజంతా వాడు తాగింది రెండు కూల్‌డ్రింకులు. సెలైను పెట్టాం. తెల్లవారాక లేచి ఇడ్లీ అడిగాడు గనక సరిపోయింది. ఇంకో రెండు గంటలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను.

"తలకింతని పోసి టికెట్లు కొన్నామండీ, సగం చూసి వచ్చేస్తే దండగ కదా" అన్నాడు తండ్రి. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. మనమందరం వేసే లెక్కే అది. కాని మూడేళ్ల పిల్లవాడికి ఆ లెక్క తెలియదు. వాడికి తెలిసిందల్లా ఆకలి, దాహం, నిద్ర.

మొన్న డిసెంబరులో నాలుగేళ్ల మనవరాలిని తీసుకుని మేము రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాం. హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటాక వస్తుంది. 1996లో మొదలైన ఈ సినిమా నగరాన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకం గుర్తించింది. విస్తీర్ణం 1,666 ఎకరాలు. ఈ అంకె ఎందుకు చెబుతున్నానంటే, అంత స్థలాన్ని చంటిపిల్లతో ఒక్క రోజులో చూడటం అయ్యే పని కాదు. గేటు దగ్గర నుంచి లోపలికి బస్సులో తీసుకువెళతారు. సెట్టింగులు చూపించేదీ బస్సులోనే. అయినా నడక తప్పదు. చుట్టూ రాతి గుట్టలు, ఎండ పడితే సెగ చిమ్ముతాయి. ఏప్రిల్, మే నెలల్లో పసివాళ్లని ఇక్కడికి తీసుకురావద్దనే నా సలహా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

చిన్నపిల్లల ఒళ్లు మనకంటే త్వరగా వేడెక్కుతుంది. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ, పట్టే చెమట తక్కువ. పైగా ఆటలో పడితే దాహం వేసిన సంగతే మరిచిపోతారు. అందుకని అడిగేదాకా ఆగకుండా, అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగించాం. పిల్ల మూడు నాలుగు గంటలకోసారి మూత్రం పోస్తోందా, రంగు పల్చగా ఉందా అని మా అమ్మాయి చూస్తూ ఉంది. ఇంతకు మించిన పరీక్ష ఏ లేబొరేటరీలోనూ లేదు. ఆరు గంటలు మూత్రం రాలేదంటే ఇక ఆట చాలు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒకటి సంచీలో పెట్టుకోండి. అది లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం సుమా! విరేచనాలవుతున్న పిల్లకి కూల్‌డ్రింకు పట్టకండి. అందులోని పంచదార విరేచనాలని ఇంకా పెంచుతుంది.

ఫిల్మ్ సిటీలో చిన్నవాళ్లకి నచ్చేది ఫండుస్తాన్ అనే పిల్లల చోటు. పొద్దున్నే, ఒంట్లో ఓపిక ఉండగానే అక్కడికి వెళ్లాం. తరవాత పక్షులు, సీతాకోకచిలుకలు. బోరాసుర అనే మాంత్రికుడి చీకటి గుహ దగ్గర మా అల్లుడు ఉత్సాహపడ్డాడు కాని నేను వద్దన్నాను. ఆ వయసులో చీకటి భయం రాత్రి కలలోకి వస్తుంది. తుపాకులు పేలే ఆటకి వెళ్లినా, లౌడ్‌స్పీకర్లకి దూరంగా వెనక వరసలో కూర్చున్నాం. భోజనమయ్యాక నీడపట్టున గంటన్నర పడుకోబెట్టాం. మా అల్లుడికి ఆ గంటన్నరా యుగంలా గడిచింది పాపం.

లోపలికి వెళ్లేముందే పిల్లకి ఫోటో తీయండి. తప్పిపోతే ఏ గౌను వేశారో కంగారులో గుర్తు రాదు. జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. బయటి తిండి తేనిస్తారో లేదో ముందే కనుక్కోండి. తినేముందు చేతులు సబ్బుతో కడగండి. నిద్రపోతున్న పిల్లని కారులో ఒక్క నిమిషం కూడా వదలకండి. నీళ్ల ఆటలున్న పార్కయితే పెద్దవాళ్లలో ఒకరు పిల్లకి చేయి అందేంత దూరంలోనే ఉండాలి. మునిగే పిల్ల అరవదు, చప్పుడు కాకుండా మునిగిపోతుంది.

పిల్ల చిరాకు పడుతున్నా, తలనొప్పి అంటున్నా, వాంతి చేసుకున్నా వెంటనే నీడకి తెచ్చి బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి. ఒళ్లు కాలిపోతూ మగతగా ఉంటే, పొంతన లేని మాటలంటే, ఫిట్సు వస్తే అది వడదెబ్బ. 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేదాకా నీళ్లతో ఒళ్లు తడుపుతూనే ఉండండి. పారాసెటమాల్ ఈ వేడిని దించదు. స్పృహ లేని పిల్ల నోట్లో నీళ్లు పోయకండి.

నాలుగింటికి నేను లేచాను. "మామయ్యగారూ, ఇంకా సగం కూడా చూడలేదండీ! సాయంత్రం డాన్సులు, దీపాలు ఉన్నాయి" అన్నాడు అల్లుడు. "మళ్లీ వద్దాం నాయనా" అన్నాను. కారు హయత్‌నగర్ చేరకముందే మనవరాలు నిద్రపోయింది. ఇంటికొచ్చాక లేపి పెరుగన్నం తినిపించాం. మూత్రం పోసి, సీతాకోకచిలుక కబుర్లు చెబుతూ మళ్లీ పడుకుంది.