గోల్‌కీపర్ నెత్తిన కెమెరా

తమిళనాడులోని కోవిల్‌పట్టి అంటే కడలమిట్టాయి (పల్లీ చిక్కీ), అగ్గిపెట్టెలే కాదు, హాకీ కూడా. 2022 మేలో జూనియర్ పురుషుల జాతీయ హాకీ పోటీలు జరిగింది ఇక్కడే. అలాంటి ఊళ్లో గోల్‌కీపర్ సాధనకు హెల్మెట్ కెమెరా కొనాలనుకుంటే, డబ్బా మీద 4కే అని ఉందని మురిసిపోనక్కర్లేదు.

చూడాల్సింది ఫ్రేముల లెక్క. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రాగ్‌ఫ్లిక్ (కర్రతో ఈడ్చి విసిరిన బంతి), సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య దాదాపు 93 సెంటీమీటర్లు దూసుకుపోతుంది. 120 ఫ్రేములైతే 23 సెంటీమీటర్లే. బంతి ప్యాడ్‌కి ఎక్కడ తగిలిందో అప్పుడు కాస్త తేలుతుంది.

ఇక ఎండ! బైకు మీద కెమెరాను ఎదురుగాలే చల్లబరుస్తుంది. గోలు ముందు నిలబడ్డవాడికి ఆ భాగ్యం లేదు, కెమెరా వేడెక్కి ఆగిపోవచ్చు. వీడియోను చిన్నచిన్న ముక్కలుగా తీయడమే మేలు.

బంతి తగిలితే కెమెరా, బిగింపు రెండూ ఊడిపడవచ్చు. వల వెనక స్టాండు మీద పెడితే ఆ బెడద తక్కువ.